జీపు పొట్టకి రేకు

మనిషికి గుండె ధైర్యం వున్నట్టే జీపుకి పొట్ట ధైర్యం వుండాలని మా మేస్త్రి అంటూ వుంటాడు. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ ఆలస్యానికి డబ్బు నేను ఇచ్చుకున్నాను. కాలం మాత్రం మరొకరు ఇచ్చుకున్నారు. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను బడిపంతుల్ని. సర్వీసులో సగానికి పైగా చింతపల్లి కొండల్లో, ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతూ గడిపాను. 2015లో పదవీ విరమణ చేసి నర్సీపట్నంలో స్థిరపడ్డాక, చేతికొచ్చిన సొమ్ముతో ఏం చెయ్యాలో చెప్పనివాడు లేడు. మా ఆవిడ గొలుసు అంది. మా అబ్బాయి బ్యాంకు అన్నాడు. నేను వేలంపాటలో ఒక పాత డీజిలు జీపు కొన్నాను. నాలుగు చక్రాలూ లాగే రకం. కొండల మీద నా పాత శిష్యుల వూళ్ళకి వెళ్ళి రావాలని నా సరదా.

జీపు ఇంటికొచ్చాక మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున, "ఏమండీ, దానికి పైకప్పయినా వుందా?" అని అడిగింది. వుందన్నాను. "పోనీలెండి" అంది. పైకప్పు సంగతి ఆవిడ అడిగిందిగాని, కిందికప్పు సంగతి అడగాలని ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు.

బండిని మనం ఎప్పుడూ పైనుంచే చూస్తాం. రంగు చూస్తాం, టైర్లు చూస్తాం, మహా అయితే బానెట్ ఎత్తి చూస్తాం. కింద పడుకుని చూసేవాడు మేస్త్రి ఒక్కడే. అక్కడ ఏముంటాయంటే, ఇంజనుకి నూనె నిలవుండే గిన్నె ఒకటి వుంటుంది. దాన్నే మన మేస్త్రులు చాంబరంటారు. దాని వెనక గేరుపెట్టె, దాని వెంట ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ శక్తిని పంచే ఇంకో పెట్టె, ఆ తర్వాత డీజిలు టాంకు. ఇవన్నీ మన కాళ్ళ కింద, నేలకి జానెడో మూరెడో ఎత్తులో వేలాడుతూ వుంటాయి. తారురోడ్డు మీద వాటి జోలికి ఎవరూ రారు. కొండదారిలో మాత్రం ప్రతి రాయీ వాటిని పలకరించాలనే చూస్తుంది.

2019 వేసవిలో పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష జరిగింది. ఆరో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రవాడొకడు దానికి కట్టాడు. వాళ్ళ వూరు తారురోడ్డుకి 9 కిలోమీటర్ల లోపల, కొండ మీద. పరీక్ష కేంద్రం నర్సీపట్నంలో పడింది. వాళ్ళ నాన్న ముందురోజు సాయంత్రమే బస్సులో దిగిపోతామన్నాడు. తెలివైన మాట. "నేనుండగా బస్సెందుకోయ్? రాత్రికి మీ వూళ్ళోనే పడుకుంటాను. పొద్దున్నే జీపులో దింపేస్తాను" అన్నది నేను. ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలో ఎంత దర్జా వుందో నాకు ఇప్పటికీ గుర్తే.

పరీక్ష 11 గంటలకి. ఏడింటికే బయల్దేరాం. కుర్రవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాల్ టికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. రెండు కిలోమీటర్ల అవతల ఒక గెడ్డ దాటాలి. రాత్రి కురిసిన వానకి రాళ్ళు స్థానం మార్చుకున్నాయి. దిగి చూడవలసింది. చూడలేదు. ముందు చక్రం ఒక రాయి ఎక్కి దిగింది. దిగడంలో కింద ఏదో 'ఖణేల్'మంది. జీపు గెడ్డ దాటింది. "చూశావా, మన బండి!" అన్నాను.

ఎదర చిన్న ఎర్రదీపం వెలిగింది. నూనె ఒత్తిడి పడిపోతే వెలిగే దీపం అది. దాన్ని నేను చూడకపోలేదు. చూశాను. కాని ఆ దీపం నా జీపులో ఏడాదిగా తోచినప్పుడల్లా వెలిగి తోచినప్పుడల్లా ఆరుతూనే వుంది. వైరు ఎక్కడో వదులై వుంటుందిలే అనుకుని నేనూ దానికి అలవాటు పడిపోయాను. రోజూ అబద్ధమాడే సాక్షి ఒకనాడు నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

మూడు కిలోమీటర్లు నడిచింది. తరవాత లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడై, ఇంజను బిగుసుకుపోయింది. దిగి చూస్తే మేము వచ్చిన దారి పొడుగునా నల్లటి చార. చాంబరు చీలి, నూనె మొత్తం దారికి అభిషేకం అయిపోయింది.

అక్కడ ఫోను పలకదు. మిగిలిన 4 కిలోమీటర్లూ నడిచాం. కుర్రవాడు ముందు, నేను వెనక. వాడు పరిగెత్తగలడు. నా కోసం ఆగి ఆగి నడిచాడు. రోడ్డెక్కాక ముప్పావుగంటకి గాని బస్సు రాలేదు. లంబసింగి దాటి ఘాటు దిగుతుంటే ప్రతి మలుపులోనూ నేను గడియారం చూసుకున్నాను. వాడు చూసుకోలేదు. కేంద్రం దగ్గరికి చేరేసరికి 11 గంటల 20 నిమిషాలు. గేటు మూసేశారు. నిమిషం ఆలస్యమైనా పంపకూడదని నిబంధన. బతిమాలాను, పంతుల్ని అని చెప్పుకున్నాను. ఆ కాపలాదారు పాపం నాకంటె ఎక్కువ బాధపడ్డాడుగాని గేటు తియ్యలేదు.

కుర్రవాడు ఒక్క మాట కూడా అనలేదు. "మాష్టారూ, మీరు టిఫిను తినలేదు" అన్నాడు. అంతే.

ఒక్క ఏడాదే కదా అని సరిపెట్టుకుందామంటే, అదీ కుదరలేదు. 2020లో మహమ్మారి వచ్చి ఆ పరీక్ష సెప్టెంబరు దాకా జరగలేదు. గెడ్డలో ఒక రాయి దాదాపు ఏడాదిన్నర మింగేసింది.

ఇంజను బాగు చేయించడానికి మా ఆవిడ గొలుసుకి సరిపడే సొమ్మయింది. ఆవిడ ఆ మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ వినిపించింది. ఇక జీపు పొట్టకి కవచం కట్టించి తీరాలని పట్టు పట్టాను.

మొదట విశాఖపట్నం వెళ్ళి, ఒక దుకాణంలో తయారుగా వున్న గార్డు కొన్నాను. నల్లరంగు వేసి నిగనిగలాడుతోంది. మందం చూస్తే 2 మిల్లీమీటర్లు లేదు. వూళ్ళో స్పీడుబ్రేకరు గీసుకోకుండా పనికివస్తుందేమోగాని, కొండరాయికి అది అప్పడం. రెండో ప్రయాణంలోనే పైకి వంగి చాంబరుకి ఆనుకుపోయింది. రాయి చేసే పనిని రేకే చేయబోయింది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "6 మిల్లీమీటర్ల ఉక్కు వెయ్యి. ముందునుంచి టాంకు దాకా మొత్తం మూసెయ్యి" అన్నాను.

"ఏటి మాష్టారూ, జీపు నడుపుతారా, యుద్ధానికెళ్తారా?" అన్నాడు.

వినలేదు. వేయించాను. ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి, పాత అలవాటు. 90 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు వున్న పలక 6 మిల్లీమీటర్ల ఉక్కుతో చేస్తే దాదాపు 30 కిలోలు తూగుతుంది. అలాంటివి మూడు. అంటే పెళ్ళిళ్ళలో వంట చేసే భారీ మనిషినొకణ్ణి జీపుకి కట్టుకుని ఎక్కడికి పోయినా మోసుకుపోవడం అన్నమాట. ఫలితమేమిటంటే, ముందు కమాన్లు రెండు వేళ్ళు కూర్చున్నాయి. రాళ్ళకి అందకుండా వుండాలని వేసిన రేకు, జీపునే రాళ్ళకి దగ్గర చేసింది. గుంటలో పడ్డప్పుడల్లా ముందు ఇరుసు పైకి లేచి రేకుకి తగిలి గుడిగంట మోగినట్టు మోగేది. పైగా ఎండుగడ్డి, ఆకులు లోపల చేరి సైలెన్సరు వేడికి కమురు వాసన వచ్చింది. మంట లేవలేదు, అదృష్టం.

మళ్ళీ మేస్త్రి దగ్గరికే వెళ్ళాను. అతను నవ్వలేదు. "మాష్టారూ, మీరు జీపుకి రేకు వేయించలేదు, మీ మనసుకి వేయించుకున్నారు. పాపాన్ని కిలోల లెక్కన తూచి తీర్చుకోలేమండి" అన్నాడు. నన్ను గోనెపట్టా మీద జీపు కింద పడుకోబెట్టి, ఒక్కొక్కటీ చూపించాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన నేను, అలా వెల్లకిలా పడుకుని నేర్చుకున్న పాఠం ఇది.

అన్నిటికీ కప్పు అక్కర్లేదు. ఇరుసు మధ్య వుండే పెద్ద ఉండ పోత ఇనుము. అది దెబ్బ కాచుకుంటుంది. గేరుపెట్టె కింద చాసిస్‌కి అడ్డంగా వున్న దూలమే సగం కాపాడుతుంది. దెబ్బ తగిలితే బండి అక్కడే ఆగిపోయేది ఏది, పల్చగా వున్నది ఏది అని చూసుకుని దానికి ముందు వెయ్యాలి. నా జీపులో అది చాంబరే.

రేకు బోల్టులు చాసిస్‌కి బిగించాలిగాని ఇంజనుకి కాదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని వూగుతూ వుంటుంది. రాతిదెబ్బ దానికి చేరకూడదు. రేకుకీ చాంబరుకీ మధ్య బొటనవేలంత ఎడమైనా వుండాలి, రేకు కాస్త వంగినా తగలకుండా. ఇరుసు పూర్తిగా పైకి లేచినా రేకుని అందుకోకూడదు. ముందు అంచు పైకి వంపు తిరిగి వుండాలి; లేకపోతే రాయి మీద జారడానికి బదులు పారలా గుచ్చుకుంటుంది. బోల్టు తలలు రేకులోకి దిగి వుండాలి. పైకి పొడుచుకు వుంటే మొదటి రాయే వాటిని అరగదీస్తుంది, ఆ తరవాత ఏ స్పానరుకీ లొంగవు. నూనె దింపే బిరడాకి ఎదురుగా ఒక రంధ్రం, బురదా నీళ్ళూ జారిపోవడానికి మరికొన్ని.

ఇక లోహం సంగతి. అల్యూమినియం వెయ్యమని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. అదే కొలతకి 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక 10 కిలోలే. తుప్పు బెడద తక్కువ. నేను మెత్తబడ్డాను. ఈ మాటలు వింటూ అట్లు పోస్తున్న మా ఆవిడ, "ఇనప పెనం మీద అట్లకాడ జారుతుందండీ. అల్యూమినియం గిన్నెలో గీరుకుంటుంది. మరి మీ రాళ్ళు జారాలా, గీరుకోవాలా?" అంది. మేస్త్రికి ఈ మాట చెబితే, "అమ్మగారు చెప్పిందే ఖాయం" అన్నాడు. అల్యూమినియం మెత్తన, రాతి కొన దానిలోకి దిగి బండిని పట్టేస్తుంది. ఉక్కు జారుతుంది, వంగినా సుత్తితో సరిచేసుకోవచ్చు. బరువు తగ్గించుకోవలసినవాళ్ళకి, రాళ్ళ కంటె ఇసక ఎక్కువ వున్న దారుల వాళ్ళకి అల్యూమినియం మంచిదే. నా దారి రాళ్ళదారి. చివరికి చాంబరు కింద మాత్రం 4 మిల్లీమీటర్ల ఉక్కు పలక, దాదాపు 20 కిలోలు. కమాన్లు మళ్ళీ లేచాయి.

రేకు బిగించబోతూ మేస్త్రి ఆగాడు. "ముందు ఆ దీపం చేయిద్దాం మాష్టారూ. రేకు వేశాక నూనె కారినా నేల మీద కనపడదు, రేకులోనే వుండిపోతుంది. అప్పుడు చెప్పేది ఆ దీపం ఒక్కటే" అన్నాడు. దీపానికి అయిన ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఆ రోజు గెడ్డ దాటగానే ఆ దీపాన్ని నమ్మి ఇంజను ఆపి వుంటే, కనీసం ఇంజనయినా దక్కేది. నడక అరగంట పెరిగినా, పరీక్షకి ఎలాగూ అందేవాళ్ళం కామేమో. కాని మా దర్జా కంటె ముందే బస్సెక్కి వుంటే అందేవాడు. దానికి వెయ్యడానికి ఏ మందం రేకూ లేదు.

కుర్రవాడు 2020లో పరీక్ష రాశాడు. మెకానికల్లో సీటు వచ్చింది. 2023లో డిప్లొమా చేత పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కాళ్ళకి దండం పెట్టబోతే నేను వెనక్కి తగ్గాను. నా మొహం చూసి వాడికి ఏమనిపించిందో, "బండి బావుందా మాష్టారూ?" అంటూ చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించి జీపు కిందికి దూరాడు. నేను అరుగు మీద కూర్చుని వాడి కాళ్ళు చూస్తూ వున్నాను.

రేకు విప్పి బయటికి తీశాడు. దాని మీద లెక్కలేనన్ని గీతలు. మధ్యలో, సరిగ్గా నూనె బిరడా వుండేచోట, కోడిగుడ్డంత సొట్ట. వాడు దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే వుండిపోయాడు. ఆ గెడ్డ గురించి ఇప్పుడైనా అంటాడనుకున్నాను. అనాలనే నాకు వుంది.

వాడు తల ఎత్తి, "ఏం మాష్టారూ, బోల్టులకి గ్రీజు పెట్టించలేదేం? తుప్పు పట్టి చేతులు పడిపోయాయి" అన్నాడు.

లోపలినుంచి మా ఆవిడ, "బాగా అడుగు నాయనా!" అంది. ఇద్దరికీ కలిపి రెండు అట్లు ఎక్కువే వేసింది.