తెరచాప దించిన దినము



గోదావరి గౌతమీ పాయ సముద్రమును చేరు తావున, మడ అడవుల అంచున ఉన్న చిన్న సంఘములలో నేను 26 సంవత్సరములుగా సేవ చేయుచున్నాను. అందులో 24 సంవత్సరములు నా రాకపోకలన్నియు తెరచాప పడవమీదనే జరిగెను. పడవ నడుపుట మా తండ్రిగారు నేర్పిరి. గ్రీకు భాష వేదాంత పాఠశాలలో నేర్పిరి. ఆ భాషలో గాలికిని ఆత్మకును ఒకే మాట యున్నదని తెలిసిన దినమున నా సంతోషమునకు మేర లేకపోయెను. తెరచాప ఎత్తువాడు దేవుని గాలికొరకు కనిపెట్టువాడనియు, ఇంజను పెట్టుకొనువాడు తన బలమును నమ్ముకొనువాడనియు ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. సంఘములోని జాలరులు ఒక్కొక్కరే మోటారులు పెట్టుకొనిరి. వారు నా ప్రసంగము విని, తలలు వంచుకొని, ఏమియు అనక ఇండ్లకు పోయెడివారు.

ఒక వేసవి మధ్యాహ్నము కబురు వచ్చెను. మంచము పట్టిన యొక విధవరాలు ప్రభురాత్రి భోజనము కోరుచున్నది. దూరము రెండు క్రోసులు. సముద్రపు గాలి ఎదురు, పోటు నీరు ఎదురు. పడవలు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. తెరచాప ఎదురుగాలికి సూటిగా పోలేదు. ఈ దరికిని ఆ దరికిని త్రిప్పుకొనుచు వంకరగా పోవలెను. నా పడవ అడుగు చదును గనుక నీటిని పట్టి నిలువక ప్రక్కకు జారుచుండెను. గెడ వేయబోతే అడుగు అందలేదు. నేను చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. ఆమె అప్పటికే ప్రభువునొద్దకు వెళ్లిపోయెను.

కుమార్తె కోపపడలేదు. “అయ్యగారూ, తెరచాప అగుపించిందా, తెరచాప అగుపించిందా అని అమ్మ అడుగుతానే ఉందండి. అగుపించిందమ్మా అని చివరికి అబద్ధమాడేనండి” అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాలి దేవునిదే, అయితే ఆలస్యము ఎవరిది? దేవునికొరకు కనిపెట్టుచున్నానని చెప్పుకొనుచు, గాలిపడవ నడుపు పాదిరియను పేరును కాపాడుకొనుచుంటిని. మరుసటి ఆదివారము సంఘము ఎదుట ఆ మాట ఒప్పుకొంటిని. పెద్దలు ఏమియు ఎత్తిపొడువక చందాలు ప్రోగుచేసిరి.

కొనుటకు పోయిన చోట అమ్మువాడు పెద్ద పెట్రోలు ఇంజనున్న వేగపు పడవను చూపి పొగడెను. నేను చిన్న డీజిలు ఇంజనున్న నిదానపు పడవను ఎన్నుకొంటిని. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున చేరి నిలుచును. ఒక్క నిప్పురవ్వ చాలును. డీజిలు అంత త్వరగా అంటుకొనదు. వేగపు పడవ నీటిమీదికి లేచి పరుగెత్తుటకు నూనె మెండుగా త్రాగును. నిదానపు పడవ నీటిని చీల్చుకొనుచు కొంచెముతోనే పోవును. నావికులు పాటించు లెక్క యొకటి కలదు: నూనెలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మూడవవంతు ఆపదకు. ఆ లెక్క మాకును మంచిదే. తెడ్లను, చిన్న తెరచాపను మాత్రము పడవలోనే ఉంచుకొంటిని. ఇంజను ఆగిపోవు దినము వచ్చును గదా!

పోగొట్టుకొన్నది లేదని చెప్పను. ఆ నిశ్శబ్దము పోయెను. నీరు పడవ అంచును తాకు సవ్వడిలో నేను చేసికొను ప్రార్థన పోయెను. ఇప్పుడు బయలుదేరకముందే గట్టున కూర్చుండి ప్రార్థించుట నేర్చుకొనుచున్నాను.

ఇంకొక పాఠము మొదటి నెలలోనే వచ్చెను. త్వరపడి పోవుచు ఒక ముసలివాని చిన్న తెరచాప పడవను దాటితిని. నా పడవ లేపిన అల అతని పడవలోనికి నీరు చిమ్మెను. అతడు అంచులు పట్టుకొని కూర్చుండిపోయెను. నేను ఇంజను తగ్గించి, వెనుకకు తిరిగి, క్షమించుమని అడిగితిని. “పరవాలేదండి అయ్యగారూ, నిన్నటిదాకా మీరూ ఇందులోవోరే గదా” అని నవ్వెను. ఆ నవ్వు నన్ను గద్దించెను.

1972లో కుదిరి 1977 నుండి అమలైన అంతర్జాతీయ సముద్ర నిబంధనలలో ఒక మాట యున్నది. ఇంజనుతో పోవు ఓడ, సాధారణముగా, గాలితో పోవు ఓడకు దారి ఇయ్యవలెను. తెరచాప ఎత్తియున్నను ఇంజను నడుచుచుండినయెడల అదియు ఇంజను ఓడగానే లెక్క. బలము కలిగినవాడే తప్పుకొనవలెను. ఇది లోకపు చట్టమే. అయినను సువార్తకు ఎంత సమీపముగా ఉన్నది!

పౌలు రోమాకు పోవుచుండగా ఓడ బద్దలైన సంగతి జ్ఞాపకము తెచ్చుకొనుము. ఓడ పోయెను, 276 మందియు ఒడ్డు చేరిరి. కొందరు పలకలమీదను చేరిరి. నేను ఇన్ని యేండ్లు ఓడను కాపాడుకొంటిని. గట్టువైపు చూచుచున్న ఒక తల్లిని కాపాడుకొనలేదు.

చదువరీ, నీకును ఒక తెరచాప ఉండవచ్చును. పాత పద్ధతియో, పాత పేరో, నీవు బాగుగా చేయగలిగిన పనియో కావచ్చును. దానిని ప్రేమించుట పాపము కాదు. అయితే నీకొరకు ఎదురుచూచువారు ఎవరో ఒక్కసారి తలంచుము. వారియొద్దకు వేళకు చేర్చు పడవ ఏదైన నున్నయెడల, వెనుదీయక దానిని ఎక్కుము. దారిలో చిన్న పడవలు కనబడినప్పుడు ఇంజను తగ్గించుట మరువకుము.