ఎక్స్‌పీని పంపించే ముందు

మొన్నటి దాకా మా కంప్యూటర్‌లో రెండు కాపురాలుండేవి. ఒకటి విండోస్ ఎక్స్‌పీ, రెండోది విండోస్ 10. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగేది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే మద్దతు ఆపేసింది. అయినా మా ఇంట్లో దాన్ని ఎవరూ కదిలించలేదు. అందులో మామయ్య రాసినవి ఉన్నాయి మరి.

మామయ్య ఛత్తాబజార్‌లో డీటీపీ పని చేసేవారు. పెళ్లికార్డులకు పేరుపడ్డ బజారది. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కార్డులు కూర్చేవారు. రాత్రి ఇంటికొచ్చాక వాళ్లమ్మగారు పాడిన బోనాల పాటల్ని గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటీ టైప్ చేసి పెట్టారు. మొత్తం నలభై రెండు. ఆవిడ పోయారు, ఇప్పుడు మామయ్యా లేరు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

పాప చదువుకి డిస్కులో చోటు చాలడం లేదని, ఎక్స్‌పీ తీసేద్దామని మా ఆయన అన్నారు. అత్తయ్య ఒకటే మాట చెప్పింది. "తీస్తె తియ్యి బిడ్డా, గని మీ నాయిన రాసిన పాటలు మాత్రం పోవద్దు."

ఫైళ్లు ఇటు కాపీ చేస్తే చాలదా అంటే, చాలదు. అను ఫాంట్లలో టైప్ చేసినదానికి లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. వాటికి తెలుగు రూపం తొడిగేది ఆ ఫాంటు. అది లేనిచోట తెరిస్తే అంతా పిచ్చిగీతలు. యూనికోడ్‌లో అలా కాదు, 'అ'కి తన సొంత సంఖ్య ఉంటుంది. ఏ ఫోన్‌లో తెరిచినా అది 'అ'గానే కనబడుతుంది.

అందుకని ముందు ఎక్స్‌పీలోనే పాటలన్నీ కాగితం మీద ప్రింట్ తీశాను. తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తారుమారయ్యాయి. రోజూ సాయంత్రం కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, అత్తయ్య పాడేది, నేను దిద్దేదాన్ని. బీఏలో తెలుగు చదివినా ఆ పాటల్లోని మాటలు కొన్ని నేనెప్పుడూ వినలేదు. కొన్నిచోట్ల అత్తయ్య పాడింది ఒకటైతే మామయ్య రాసింది ఇంకొకటి. రెండూ ఉంచాను. ఏది సరైందో తేల్చడానికి నేనెవర్ని?

ఇక తీసే పని. మా గౌలిపుర పాత ఇళ్లలో రెండు వాటాలకు మధ్య ఒకటే గోడ. పాత గది పడగొట్టాలంటే కొత్త గది దూలం ఏ గోడ మీద ఆనిందో ముందు చూసుకోవాలి. కంప్యూటర్‌లోనూ అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే 'సిస్టమ్' అన్న గుర్తు ఎక్స్‌పీ ఉన్న భాగం మీదే ఉంది. అంటే విండోస్ 10ని నిద్రలేపే ఫైళ్లు కూడా ఆ పాత వాటాలోనే ఉన్నాయన్నమాట. దాన్ని అలాగే చెరిపేస్తే కొత్తదీ లేవదు. మా ఆయన బీసీడీబూట్ అనే ఆజ్ఞతో ఆ ఫైళ్లను విండోస్ 10 ఉన్న భాగంలోకి రాయించి, ఆ భాగాన్ని 'యాక్టివ్' చేశారు. మళ్లీ ఆన్ చేస్తే ఏది కావాలన్న ప్రశ్న రాలేదు, 'సిస్టమ్' గుర్తు కూడా ఇటు మారింది. అప్పుడు గానీ పాత భాగాన్ని డిలీట్ చేయలేదు. ఖాళీ అయిన చోటు విండోస్ 10కి ఎడమవైపు ఉంది కాబట్టి అందులో కలవలేదు. దాన్ని వేరే డ్రైవ్‌గా చేసి పాపకిచ్చాం.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు వాడిన కంప్యూటర్ ఉంటే, చోటు కోసం చెరిపే ముందు వాళ్లు తెలుగులో రాసినవి ఏ ఫాంట్లో ఉన్నాయో చూడండి. అను లాంటి ఫాంటైతే, అది ఉన్న చోటే అవి చదవడానికి వీలవుతాయి.

పాటలిప్పుడు మా ఆడపడుచుల ఫోన్లలో కూడా ఉన్నాయి. ఆషాఢం రాకముందే చిన్నాడపడుచు ఒక పాట నేర్చుకుని ఫోన్లో పాడి వినిపించింది. అత్తయ్య మధ్యలోనే ఆపి, రాగం సరిచేసింది. రాగం మాత్రం ఏ ఫైల్లోనూ లేదు కదా!