గలతియా ఇసుకలో 955

ముందు గుర్తొచ్చేది వాసన. కుళ్లిన నాచు, ఎండకు కాగిన థర్మాకోల్, ఎవరి ఇంటిదో తెలియని షాంపూ డబ్బా అడుగున మిగిలిన తీపి వాసన, అన్నీ కలిసి. గ్రేట్ నికోబార్‌లోని గలతియా తీరానికి మేం చెత్త లెక్కపెట్టడానికి వెళ్లింది ఏ నెలలోనో ఇప్పుడు చెప్పలేను. వానలు వెనకబట్టాయి, అంతవరకే గుర్తు.

అడుగుపెట్టడానికే అటవీశాఖ కాగితం కావాల్సిన చోటు. పోటు గీత పొడవునా మాత్రం సీసాలు, చెప్పులు, లైటర్లు, వల తాళ్లు. వంద మీటర్ల టేపు పరిచి, పక్కనే వంగి నడుస్తూ ఒక్కొక్కటీ ఏరి రాసుకునేవాళ్లం. పేరు చెరిగిపోయినా బార్‌కోడ్ కింద మొదటి 3 అంకెలు ఒక్కోసారి మిగిలేవి. 955 మలేషియా, 899 ఇండోనేషియా, 885 థాయ్‌లాండ్. 890 కనబడితే మనదే. ఆ వయసులో నాకు అంకె దొరికితే దోషి దొరికినట్టే ఉండేది. కానీ అది కంపెనీ ఎక్కడ నమోదైందో చెబుతుంది, సీసా ఎవరు విసిరారో చెప్పదు. మలక్కా జలసంధికి పోయే ఓడలు చాలావరకు ఆ దీవి దక్షిణపు కొస పక్కనుంచే పోతాయి.

ఒక సీసా అడుగున గుత్తులుగా పెంకు జీవులు అతుక్కుని ఉన్నాయి. ఇంకా బతికే ఉన్నాయి. పెంకులు విచ్చుకుని, లోపలి సన్నటి కుచ్చులు బయటికి చాపి, మళ్లీ ముడుచుకుంటున్నాయి. ‘సీసా, 1’ అని రాయడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.

లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది. గూడు నుంచి నీళ్లవైపు పాకే పిల్లకి మోకాలెత్తు వల ముద్ద కోటగోడే. 2021లో ఓడరేవు కోసం ఆ తీరానికున్న అభయారణ్యం హోదానే తీసేస్తున్నారని చదివినప్పుడు ఆ ముద్దే కళ్లముందుకొచ్చింది. అప్పుడొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అదే దీవిలోని క్యాంప్‌బెల్ బేలో ఒక తెలుగు పెద్దావిడ మాకు టీ ఇచ్చేది. మాజీ సైనికులకు భూములిచ్చిన రోజుల్లో భర్తతో వచ్చిందట. ముఖం గుర్తులేదు, గొంతు మాత్రం ఉంది. ‘సునామీకి ముందు మా కొబ్బరితోట అదిగో, అక్కడుండేది’ అని నీళ్లకేసి చెయ్యి చూపించింది. మా సంచులు చూసి, ‘ఏరితే పోతాదేటమ్మా? గాలి తిరిగితే మళ్లీ ఒస్తాది’ అంది.

వస్తుందని నాకూ తెలుసు. ఎంత వస్తోందో రాసిపెట్టాలి కదా పెద్దమ్మా, అన్నాను. ఆవిడ లోపలికెళ్లి రెండు ఖాళీ బియ్యం గోనెలు దులిపి తెచ్చింది. ‘ఆ సంచులు ఆగవు, ఇవి పట్టుకెళ్లండి’ అంది.