టపాలో పగడము

పగడమనగానే మనకు తోచునది మంగళసూత్రమున నల్లపూసల నడుమ గ్రుచ్చిన ఎఱ్ఱని పూస. అది యొకప్పుడు ప్రాణముగల జీవుల గూడని మనలో పెక్కుమంది తలపరు. సైదాబాదులోని మా యింట నీ సంగతి చర్చకు వచ్చుటకు మా రెండవ కుమారుడు కారకుడు. పదునాలుగేండ్ల వాడు, గాజుతొట్టిలో చేపలను పెంచుచున్నాడు. గడచిన వేసవిలో నొక వర్తకుడు బ్రతికియున్న పగడపుముక్కను పార్సెలులో పంపెదనని వానికి ఆశపెట్టెను. పండుగలకు పెద్దలిచ్చిన సొమ్ము కూడబెట్టుకొని వాడు మా యనుమతి కోరెను. ఊరక కాదనుట మాకు నచ్చలేదు. వానితోపాటు కూర్చుండి మేమును విచారించితిమి.

పగడము మొక్కవలె కనబడును గాని జంతువు. సున్నపుగూటిపై చిన్నచిన్న నోళ్లు గల జీవులు వందలకొలది గుంపుగూడి బ్రతుకును. వాని మెత్తని దేహములలో కంటికానని నాచు కాపురముండి, వెలుతురుతో ఆహారము వండి, ఆశ్రయమిచ్చిన జీవికి పెట్టును. వేసవిలో అలవాటైన వేడిమికంటె ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్ని వారములు నిలిచినచో నా నాచు వెడలిపోవును. పగడము తెల్లబారి, ఆకలితో కృశించును.

ఇట్టి సుకుమారమైన దానిని పంపుటకు, అనుమతిగల దేశములలో మిక్కిలి జాగ్రత్తపడుదురు. ఒక్కొక్క ముక్కను వేర్వేరు సంచిలో సముద్రపునీటితో నుంచుదురు. ఏలయన బెదరిన పగడము జిగురు విడుచును, ప్రక్కదానిని కుట్టును. సంచికి ఒరసికొని ఒడలు చిట్లకుండ తేలెడి బెండునకు కట్టి వ్రేలాడదీయుదురు. నీరు కాఱకుండ రెండు సంచులు తొడిగి, థర్మోకోలుపెట్టెలో నుంచి, కాలమునుబట్టి చల్లని పొట్లమో వెచ్చని పొట్లమో కాగితమున చుట్టి చేర్చుదురు. ఇంచుమించు 25 డిగ్రీల వేడిమి నిలువవలెను. మరునాటికి పెట్టె చేరవలెను. చేరిన పిమ్మట దీపము తగ్గించి, సంచిని తొట్టిలో తేలవిడిచి, వేడిమి సమమైన తరువాత తొట్టినీటిని కొంచెము కొంచెముగా అలవాటు చేయుదురు. సంచిలోని మురికినీటిని మాత్రము తొట్టిలో పోయరు.

వైశాఖమాసమున మన నగరపు టెండ 40 డిగ్రీలు దాటును. అట్టి దినమున పెట్టె గోదాములో నిలిచిపోయినచో మిగులునది దుర్గంధమే. ప్రపంచ తపాలా సంఘమువారి నియమములు తేనెటీగలను, జలగలను, పట్టుపురుగులను ప్రాణముతో పంపనిచ్చును గాని, అందు పగడమునకు చోటులేదు.

మన దేశమున శాసనమే అడ్డు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టమున, పగడపుదిబ్బలు కట్టెడి జాతులను 2001లో మొదటి షెడ్యూలునందు పులితోపాటు చేర్చిరి. అట్టివానిని అమ్మినను కొన్నను 3 మొదలు 7 ఏండ్లవరకు ఖైదు, 25,000 రూపాయలకు తక్కువకాని జరిమానా. ఇది అతికఠినమని తోచవచ్చును. కాని గుండ్రాళ్లవలె పెరిగెడి జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుటయే గగనము. మన్నారు సింధుశాఖయందో అండమానులయందో ఒక చేతి విసురున విఱిచినది మరల పెరుగుటకు ఒక తరము పట్టును.

ఇదంతయు విని కుమారుడు, "అమ్మా! నా తొట్టిలో ఉండరాని పగడము నీ మెడలో ఎట్లుండవచ్చును?" అని యడిగెను.

నగలలోని ఎఱ్ఱపగడము వేరు జాతి. అది దిబ్బలు కట్టదు, ముఖ్యముగా మధ్యధరాసముద్రపు రాళ్లపై పెరుగును. 17, 18 శతాబ్దములలో అది లండనుమీదుగా ఓడలపై చెన్నపట్నము చేరెడిది. బదులుగా మన గోలకొండసీమ వజ్రములు తరలిపోయెడివి. ప్రాణము పోయిన పూస నెలల తరబడి ఓడలో నున్నను చెడదు; ప్రాణముతో నున్నది పెట్టెలో చిరకాలము ఓర్వలేదు. ఈ భేదమును వానికి చెప్పితిమి. అయినను మా మనస్సునకు సమాధానము చాలలేదు. ఆ సముద్రమునను తరతరములు త్రవ్వి తీయుటచే ఎఱ్ఱపగడము తఱిగిపోయినది గదా! అందుచే పెద్దమ్మాయి వివాహమునకు క్రొత్త పగడములు కొనక, మా అత్తగారి పాతపూసలనే తిరిగి గ్రుచ్చింప నిశ్చయించితిమి. ఆమెయు సంతోషించెను.

కుమారుడు తన సొమ్ముతో, చెఱువులలో పెంచిన మంచినీటిచేపలను అంగడినుండి స్వయముగా తెచ్చుకొనెను. సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు. సాయంకాలపు చల్లనివేళ, అరగంట ప్రయాణము. అన్నియు బ్రతికినవి.

పిల్లలు జీవులను కోరుట మంచి గుణమే. అయితే ఆ జీవి ఎచ్చటినుండి, ఎట్లు, ఎన్ని గంటలలో వచ్చునో వారితోకూడ లెక్కించి చూచుట తల్లులకు తగిన పని. "వలదు" అను మాటకంటె ఆ లెక్కయే వారికి చిరకాలము జ్ఞాపకముండును.