జానెడు మట్టి



మట్టి పని అంటే పాలమూరు వాళ్లదే అని దేశమంతా పేరుంది. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మన తాతలు మేస్త్రీల వెంట గుంపులుగా వెళ్లి గడ్డపార పట్టారు, తట్ట మోశారు. తవ్వడం మన చేతులకు తెలిసిన విద్య. తవ్విన నేలను తిరిగి నేలగా చేయడం గురించి ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నాము.

అచ్చంపేట చుట్టూ ఉన్న ఎర్ర చెల్కల్లో పైమన్ను చాలాచోట్ల జానెడే ఉంటుంది. దాని కింద మొరం, ఆ కింద రాయి. పల్లి ఊడలు దిగేది ఆ జానెడులోనే. వానపాములు, కంటికి కనబడని సూక్ష్మజీవులు, రాలిన ఆకు, పశువుల పేడ కలిసి దాన్ని తయారు చేస్తాయి. అంగుళం మట్టి ఏర్పడడానికి వందల ఏళ్లు పడుతుందని నేల శాస్త్రవేత్తలు చెబుతారు. జేసీబీకి అది ఒక్క గీకుడు.

2019లో అమ్రాబాద్ వైపు యురేనియం కోసం వెతుకుతారన్న మాట వచ్చినప్పుడు మన ఊళ్లు ఎంత కలవరపడ్డాయో మీకు గుర్తుంది. ఆ సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసింది. మనం ఊపిరి పీల్చుకున్నాం. అయితే మన రాష్ట్రంలోనే గనుల పక్కన బతికే ఊళ్లు ఉన్నాయి: రామగుండం, శ్రీరాంపూర్, మణుగూరు, సత్తుపల్లి. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. అంటే నేలను పైనుంచి ఒలిచి, అడుగున ఉన్న బొగ్గును తీస్తారు. ఒలిచిన మట్టీ రాయీ పక్కన గుట్టలవుతాయి. వాటిని ఓబీ డంపులంటారు.

ఆ గుట్టల్లో ఒక చిక్కు ఉంది. ముందు తీసిన పైమన్ను జాగ్రత్త చేయకపోతే అడుగున పడుతుంది, లోతు నుంచి చివర తీసిన రాయి పైకి వస్తుంది. పొలం తలకిందులవుతుంది. అందుకే పైమన్నును మొదటే విడిగా గీకి, విడిగా పోసి, చివరకు మళ్లీ పైనే పరచాలని గనులకిచ్చే పర్యావరణ అనుమతుల్లో షరతు పెడతారు.

విడిగా పోసినంత మాత్రాన సరిపోదు. కుప్ప ఎత్తుగా ఉంటే లోపల గాలి ఆడక మట్టిలోని జీవం చస్తుంది. తక్కువ ఎత్తున పోసి, పైన జీలుగో జనుమో పిల్లిపెసరో చల్లితే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. అలా కాపాడినా, ఏళ్ల తరబడి ఉంచితే దాని సత్తువ తగ్గుతూనే ఉంటుంది. కొత్తచోట గీకిన మట్టిని ఆలస్యం లేకుండా, గుంత పూడ్చిన చోట పరచడం అన్నిటికంటే మేలు. తడిమీద బరువు బండ్లు తిప్పితే నేల గట్టిపడి వేరు దిగదు. ముందు గడ్డి, పప్పుజాతి మొక్కలు, ఆ తర్వాతే చెట్లు.

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల వాళ్లు పైమన్నును విడిగా తీసి తిరిగి పరచాలని అమెరికాలో చట్టమే ఉంది. 1977 ఆగస్టు 3న దానిమీద సంతకం చేసిన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మన లాంటి పల్లి రైతే. ఎన్నో ఏళ్లు సండేస్కూలు చెప్పిన మనిషి కూడా. మన దేశంలో, గని ఎలా మూస్తారో ముందే ప్రణాళిక ఇవ్వాలని, ఆ ఖర్చుకు డబ్బు పక్కన పెట్టాలని 2009లో కేంద్ర బొగ్గు శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. తవ్వకం ముగిసిన నేలలో మళ్లీ గడ్డి పెంచి, అది మేతకు పనికొచ్చేలా చేయాలన్న షరతును గని లీజుల్లో చేర్చమని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇవన్నీ పెద్ద గనుల మాటలు అనుకోకండి. మన సంఘంలో ఒక కుటుంబానికి గుట్ట పక్కన ఎకరం చెల్క ఉంది. మూడేళ్ల కింద రోడ్డు పనికి మొరం కావాలని ఒక కాంట్రాక్టరు అనుమతి కాగితాలతో వచ్చాడు. ఇంట్లో పెద్దపాపకు నర్సింగ్ ఫీజు కట్టాలి. ప్రార్థన చేయమని మా దగ్గరికి వచ్చారు. ప్రార్థన అయ్యాక ఆ తల్లి అన్నది: "అయ్యగారూ, మొరం ఇస్తం. పైమన్ను మాత్రం పక్కకు పోసి, మళ్ల పరిచి పోవాలె. ఆ మాట కాగితం మీద రాయండి."

మేమే కూర్చుని రాశాము. జేసీబీ డ్రైవరు విసుక్కున్నాడు. ఆమె మూడు రోజులు గట్టుమీద నిలబడి నడుమెత్తు కుప్ప పోయించింది, జీలుగ చల్లింది, వానలకు ముందే పరిపించింది. మొదటి ఏడు ఉలవలు, రెండో ఏడు కంది, ఈ ఏడు పల్లి వేశారు. కాయ పట్టింది, కానీ తవ్వని చెల్కలో వచ్చినంత రాలేదు. ఒక మూల నీళ్లు నిలుస్తున్నాయి. పక్కన అదే ఏడు షరతు లేకుండా ఇచ్చిన చేనులో తుమ్మ తప్ప ఏదీ లేవలేదు. పాప చదువు నడుస్తోంది. ఆ చేను పూర్తిగా కోలుకోవడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో దేవునికి తెలుసు.

ప్రియులారా, సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక వెండి బంగారాలు ఇవ్వబోతే ఎలీషా పుచ్చుకోలేదు. అప్పుడు నయమాను తిరిగి అడిగినది ఏమిటి? రెండు కంచరగాడిదల మోత మట్టి. బంగారం విలువ బాగా తెలిసిన మనిషి మట్టిని అడిగి ఇంటికి తీసుకుపోయాడు. ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానంలో కూడా రాతినేలను పడిన విత్తనంలో లోపం లేదు. మట్టి లోతు లేక మొలక మాడిపోయింది.

దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టినప్పుడు రెండు పనులు అప్పగించాడు, సేద్యం చేయడం, కాపాడడం. మొదటిది మనకు వచ్చు. రెండోదానికి ఆ తల్లిలా గట్టుమీద నిలబడే ఓపిక కావాలి. మీలో ట్రాక్టరు, జేసీబీ నడిపే తమ్ముళ్లున్నారు, భూమి కాగితాల మీద వేలిముద్ర వేసే అమ్మలున్నారు. పని మొదలుపెట్టకముందే ఒక్క మాట అడగండి: పైమన్ను ఎక్కడ పోస్తారు, ఎప్పుడు తిరిగి పరుస్తారు? కాగితం రాయడానికి సాయం కావలసినవారు ఆదివారం ఆరాధన తర్వాత మా దగ్గరికి రండి.

మీ చెల్కలను, మీ పిల్లలను దేవుడు దీవించును గాక. ఆమేన్.