అనంతగిరి కొమ్మమీది మొక్క

పిల్లలూ! ముప్పై ఆరేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను, నిరుడు ఒక మొక్కను నీళ్ళు పోసి చంపబోయాను. ఆ సంగతీ, దాని మూలాన నేను చేసిన ప్రయాణం సంగతీ మీకు చెబుతాను.

మాది విజయనగరం. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు అనంతగిరి కొండమీద కాఫీతోటలో పని చేస్తున్నాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ కొండలమీద ఎన్నో పెద్దచెట్లు కూలిపోయాయి. విరిగిపడిన ఒక మామిడికొమ్మమీద ఆర్కిడ్ మొక్క కనిపిస్తే, అతడు దానిని తీసి తన పెరటిలోని పనసచెట్టుకు నారతో కట్టాడు. అది బ్రతికి, గుబురుగా పెరిగింది. నిరుడు వానాకాలంలో అందులో ఒక పాయ విడదీసి, తడిగుడ్డలో చుట్టి నాకు తెచ్చి ఇచ్చాడు.

మొక్కల పెంపకం నాకు బాగా తెలుసునని నా నమ్మకం. మంచి ఎర్రమట్టి, చివికిన పేడఎరువు కలిపి కుండీ నింపాను. మొక్కను లోతుగా పాతి, రోజూ రెండు చెంబుల నీళ్ళు పోశాను. దీపావళి దాటగానే ఆకులు పచ్చబడి రాలసాగాయి. “పాపం, దాహం కాబోలు!” అనుకుని మూడో చెంబు కూడా పోశాను. సంక్రాంతినాటికి ఒక్క ఆకు మిగలలేదు. సన్నటి కాడలు నాలుగు మాత్రం ఉన్నాయి. వాటిలో ఒకటి నొక్కి చూస్తే కుళ్ళిన అరటిపండులా ఉంది. మా మనుమరాలు ముక్కు మూసుకుని, “తాతయ్యా, ఇది చచ్చిపోయింది,” అన్నది.

నేను సిగ్గుపడుతూనే ఆ కుర్రవాడికి ఫోన్ చేశాను. అతడు అంతా విని, “మాస్టారూ, మీరొకసారి కొండకు రండి. అది ఎక్కడ ఉంటుందో చూస్తే మీకే తెలిసిపోతుంది,” అన్నాడు.

ఫిబ్రవరిలో ఒకనాటి ఉదయం కొత్తవలసలో కిరండూల్ రైలు ఎక్కాను. శృంగవరపుకోట దాటిన తరువాత రైలు కొండ ఎక్కుతుంది. ఒక సొరంగంలోంచి బయటపడి లోయను చూసేలోగా మరో సొరంగం వస్తుంది. బండిలోని పిల్లలు చీకటి వచ్చినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. నేను కూడా ఒకటి రెండు సార్లు పెట్టాను. చీకట్లో ఎవరూ చూడలేదు లెండి. బొర్రాగుహలు స్టేషనులో దిగేసరికి మా కుర్రవాడు మోటారుసైకిలుతో సిద్ధంగా ఉన్నాడు.

అనంతగిరిలో ఇంకా మంచు విడలేదు. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. దారిపక్కన ఒక ముసలి మామిడిచెట్టు కింద అతడు ఆగి, పైకి చూపాడు. కొమ్మనుంచి బూడిదరంగు కాడలు రెండేసి అడుగుల పొడవున, ఎండిన తాళ్ళలా వేలాడుతున్నాయి. ఒక్క ఆకు లేదు.

“అయ్యో, ఇవీ చచ్చిపోయాయా?” అన్నాను.

“లేదండి మాస్టారూ, నిద్రపోతున్నాయండి. చలికాలంలో వీటికి మంచుతడి తప్ప ఇంకేమీ ఉండదండి. కాడలో దాచుకున్న నీటితోనే బ్రతుకుతాయి. అదిగో, మొగ్గలు చూడండి.”

నిజమే! కణుపు కణుపుకూ లేత ఊదారంగు మొగ్గలున్నాయి. అతడు కొంచెం జంకుతూ, “చెట్టుమీద దీనికి మట్టి ఎవరు పోశారండీ?” అని అడిగాడు. ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నలు నేను అతడిని అడిగేవాణ్ణి.

ఆ కొమ్మమీద పాకిన వేళ్ళను దగ్గరగా చూశాను. వాటిపైన తెల్లని మెత్తని తొడుగు ఉన్నది. అది నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. మీరు ఇలాంటి ఆర్కిడ్ వేరుమీద ఒక నీటిచుక్క వేసి చూడండి: తెల్లని వేరు చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. తొడుగు తడిసి, లోపలి పచ్చదనం పైకి కనపడుతుందన్నమాట. వాన వెలిసిన కాసేపటికి కొమ్మ ఆరిపోతుంది, వేళ్ళకు గాలి తగులుతుంది. తడిమట్టిలో పాతిన నా మొక్కకు ఆ గాలే లేదు.

ఇది చెట్టు రసం పీల్చే బదనిక వంటిదని కొందరనుకుంటారు. కాదు, చెట్టు దీనికి కూర్చునే చోటు మాత్రమే. (మీరు కొండకు వెడితే చూసి ఆనందించండి, కోసుకు రాకండి.)

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. ఈ మొక్కను శాస్త్రజ్ఞుల కోసం మొదట వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు. ఆయన మన సామర్లకోటలో చాలాకాలం ఉండి, ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించాడు. 1795లో వెలువడసాగిన ఆయన గ్రంథంలో దీనికి ‘అఫిల్లం’ అని పేరు పెట్టాడు. అంటే ‘ఆకులు లేనిది’. తరువాతి వారు దానిని ‘డెండ్రోబియం’ అనే జాతిలో చేర్చారు. అంటే ‘చెట్టుమీద బ్రతికేది’. నేను చేసిన రెండు తప్పులకూ జవాబులు దాని పేరులోనే ఉన్నాయి! పేరుకు అర్థం చెప్పమని పిల్లలను బెంచీ ఎక్కించిన మాస్టారునే నేను.

మర్నాడే కుండీ బోర్లించాను. వేళ్ళు చాలావరకు గోధుమరంగుకు తిరిగి, పట్టి లాగితే తొడుగు ఊడివచ్చి లోపలి దారం మాత్రం మిగిలింది. గట్టిగా ఉన్న వేళ్ళు మూడే! కత్తెరను మంటలో కాల్చి, చల్లార్చి, కుళ్ళినదంతా కత్తిరించాను. రెండు కాడలు పోయాయి. కోసినచోట పసుపు అద్ది, ఒకరోజు నీడలో ఆరబెట్టాను. తరువాత పక్కలకూ అడుగునకూ చిల్లులున్న చిన్న కుండీలో పెంకుముక్కలు, కట్టెబొగ్గులు, నానబెట్టిన కొబ్బరిడొక్క ముక్కలు వేసి, మొక్క మొదలు పైకే ఉండేలా నిలిపి, ఊగకుండా పుల్లకు కట్టాను. పెద్ద కుండీ అయితే తడి త్వరగా ఆరదు. నీళ్ళు వారానికి రెండుసార్లు, అదీ చిలకరింపు మాత్రమే.

అప్పుడే మా మనుమరాలు ఒక కాడ పైకణుపు దగ్గర శనగగింజంత పచ్చని బుడిపె చూసింది. మొగ్గ అనుకున్నాం. నెల గడిచేసరికి దానినుంచి రెండు బుల్లి ఆకులు వచ్చాయి. అది పిల్లమొక్క! చలికాలంలో నీరూ ఎరువూ ఎక్కువైతే, ఈ జాతిలో పువ్వు రావలసిన చోట ఇలా పిల్ల పుడుతుంది. ఆర్కిడ్ గింజలు దుమ్ములా ఉంటాయి. వాటిలో ఆహారం నిలవ ఉండదు. అడవిలో ఒక రకం బూజు సాయం దొరికితేనే మొలుస్తాయి. గింజనుంచి పువ్వు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. అందుచేత ఈ పిల్ల మాకు బంగారమే.

“కోసి వేరే కుండీలో పెడదామా?” అని మనుమరాలు రోజూ అడుగుతుంది. పిల్లకు సొంతవేళ్ళు రెండంగుళాలైనా పెరగాలి. ఇప్పుడు శ్రావణమాసం. మూడు వేళ్ళు వచ్చాయి. స్కేలు పెట్టి కొలిస్తే పెద్దది ఒకటిన్నర అంగుళం ఉంది. తల్లికాడ మాత్రం ముడతలు పడుతోంది; పిల్ల దానిలోని నీరే తాగుతున్నది. తల్లి మొదట్లో కొత్త చిగురు ఇంకా కనిపించలేదు. రెండో కుండీలో బొగ్గులూ పెంకులూ వేసి సిద్ధంగా పెట్టాం. ఆదివారం మళ్ళీ కొలుస్తాం.