జీపు చట్రంలోని రంధ్రాలు: జీర్ణోద్ధారణ విషయమై కొన్ని మాటలు

అర్చకవృత్తిలో ఉన్నవారికి అష్టబంధనాన్ని గూర్చి వివరించనవసరం లేదు. ఇతర పాఠకుల కొరకు చెబుతున్నాను: మూలవిగ్రహాన్ని పీఠంతో బంధించడానికి ఎనిమిది ద్రవ్యాలను నూరి సిద్ధం చేసే ముద్ద అది. అభిషేకజలం ఆ సంధిలోకి దిగకుండా కాపాడడం దాని ముఖ్యప్రయోజనం. తిరుమలలో పన్నెండేళ్లకొకమారు ఆచరించే ఈ కార్యం 2018 ఆగస్టులో జరిగింది. శిల ఎంత దృఢమైనదైనా, శైథిల్యం తొలుత ప్రవేశించేది సంధిలోనే. గత కార్తికమాసంలో చిత్తూరులోని ఒక టింకరింగు షెడ్డులో మా జీపు క్రిందికి వంగి చూసినప్పుడు నాకు స్ఫురించింది ఈ విషయమే.

మా తండ్రిగారు 1970వ దశకంలో కొన్న మహీంద్రా సీజే-3బీ అది. ఎత్తైన ఇంజనుకు చోటు చాలక బానెట్టును పైకి లేపిన నమూనా. అమెరికాలో 1968లో దీని నిర్మాణం ఆగిపోయినా మన దేశంలో ఆ తరువాత కూడా చిరకాలం కొనసాగింది. మేము అర్చన చేసే చిన్న ఆలయం పాకాల వైపు ఒక గుట్టపై ఉన్నది. పెరటాసి శనివారాలలో నీటి డ్రమ్ములు, నైవేద్యద్రవ్యాలు, మెట్లు ఎక్కలేని వృద్ధులు, అందరూ ఈ వాహనంలోనే పైకి చేరాలి. కనుక దాని క్షేమం మాకు కేవలం ముచ్చట కాదు.

ఈ జీపులో బాడీ వేరు, చట్రం వేరు. బాడీని చట్రంపై కూర్చోబెట్టి, నడుమ రబ్బరు దిమ్మలు ఉంచి, బోల్టులతో బిగిస్తారు. ఆ దిమ్మల క్రింద బురద చేరుతుంది. ఈశాన్య ఋతుపవనాల తేమ అక్కడ వారాల తరబడి ఆరదు. నీరు, ప్రాణవాయువు కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు ఇనుము కన్న ఎక్కువ చోటు ఆక్రమించి, పొరలు పొరలుగా ఉబ్బి రాలుతుంది. గుండ్రని రంధ్రం కోలగా మారుతుంది, బోల్టు అందులో ఆడుతుంది, ఆ కదలిక అంచును మరింత అరగదీస్తుంది. మా జీపులో కుడివైపు వెనుక రంధ్రం బొటనవ్రేలు పట్టేంత విస్తరించింది. ఏటవాలులో బాడీ ఒక ప్రక్కకు జారి కిర్రుమనేది.

షెడ్డులో ఇద్దరు రెండు ఉపాయాలు చెప్పారు. పెద్ద వాషరు వేసి పైన పుట్టీ పూయమన్నాడు ఒకడు. అంతకన్న అనర్థకమైన సలహా నేను వినలేదు. బోల్టు బిగువును మోయవలసినది చట్రపు లోహం కాని, దానిని కప్పిన పూత కాదు. పాతసామాను అంగడి నుండి మరొక జీపు చట్రం తెచ్చి వేద్దామన్నాడు రెండవవాడు. ఇది వినడానికి యుక్తియుక్తంగా ఉన్నది గాని, చిక్కంతా అక్కడే ఉన్నది.

న్యాయసూత్రాల ద్వితీయాధ్యాయంలో అవయవిని గూర్చిన విచారం ఉన్నది. అవయవాల సమూహమే వస్తువా, లేక వాటికి అతిరిక్తంగా అవయవి అనునది ఒకటి ఉన్నదా? బౌద్ధులది మొదటి పక్షం. మిలిందప్రశ్నలో నాగసేనుడు రాజును రథం విషయమే అడుగుతాడు. నైయాయికులది రెండవది. వైశేషికుల మతంలో వస్త్రం నుండి ఒక ముక్క చినిగితే పూర్వపటం నశించి ఖండపటమనే క్రొత్త వస్త్రం పుడుతుంది. ఆ లెక్కన మా జీపు ప్రతి మరమ్మతులోనూ మరణించి జన్మించినట్టే! రవాణాశాఖవారు ఇంత సూక్ష్మానికి పోరు. వారికి వాహనమంటే చట్రంపై పొడిచిన సంఖ్య. పదిహేనేళ్లు దాటిన సొంత వాహనానికి ఐదేళ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించేటప్పుడు ఆ సంఖ్యనే పరిశీలిస్తారు. చట్రాన్ని మారిస్తే కాగితాలపై ఉన్న మా జీపు లేనట్టే. కనుక ఉన్న చట్రాన్నే ఉద్ధరించాలని నిశ్చయించాము.

పని చేసినవాడు వృద్ధుడైన ఒక వెల్డరు. మొదట బ్యాటరీ తీగలు విప్పించి, డ్రైవరు సీటు క్రిందనున్న పెట్రోలు ట్యాంకును తీయించాడు. తరువాత చిన్న సుత్తితో చట్రమంతా తట్టుతూ వెళ్లాడు. గట్టి లోహం ఖంగుమన్నది. తిన్న చోట మొద్దుశబ్దం. స్థపతులు శిలను పరీక్షించేదీ ఇట్లే గదా! ఆరోగ్యంగా ఉన్న ప్రక్క రంధ్రాల నుండి దూరాలు కొలిచి, కర్ణాలు సరిచూసి వ్రాసుకున్న తరువాతనే కోత మొదలుపెట్టాడు. తుప్పు ఆగి మెరిసే లోహం కనబడేవరకు కోసి, అంతే మందం గల రేకును మూలలు గుండ్రంగా తీర్చి అమర్చాడు. వాడిమూలల వద్ద బీట మొదలవుతుందట. అతుకును ఒక్కసారిగా గాక, చట్రం వేడికి వంగకుండా కొంచెం కొంచెంగా, ఆగి ఆగి వేశాడు. కొద్దిగా కోలగా మారిన మరొక రంధ్రానికి వెనుక రాగిపలక ఆనించి వెల్డింగుతో పూడ్చి, గ్రైండరుతో చదును చేసి, తిరిగి డ్రిల్లు వేశాడు. కరిగిన ఇనుము రాగికి అంటదు. రాగి ఉష్ణాన్ని కూడా లాగివేస్తుంది. చట్రం పెట్టెవలె మూసి ఉన్న చోట, బోల్టు బిగిస్తే గోడలు లోపలికి అణగకుండా ఒక ఇనుపగొట్టాన్ని లోపల నిలిపాడు. చివరకు రెడాక్సైడు, దానిపై రంగు.

కఠోపనిషత్తులో యముడు శరీరాన్ని రథమన్నాడు. ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుఱ్ఱాలు. కడచీల ప్రస్తావన మాత్రం అందులో లేదు. ఉపదేశానికి అది అవసరం కాకపోవచ్చు. గుట్ట ఎక్కేవారికి అవసరమే.

బాడీని క్రొత్త రబ్బరు దిమ్మలపై దించాము. బోల్టులు చేతితో తిప్పినంతనే తమ స్థానాలలో దిగాయి. ఎడమవైపు వెనుక రంధ్రాన్ని మాత్రం ఇంకా తెరవలేదు; సుత్తితో తట్టితే అక్కడ శబ్దం కొంత సందేహాస్పదంగా ఉన్నది. పెరటాసికి ముందే ఆ పని కూడా చూడాలి.